గ్రీటింగ్ కార్డు మీద స్టిక్ పిన్ను: మొన గుచ్చుకోకుండా ఫినిషింగ్ ఎలా ఇస్తున్నారు?

గవ్వలసంచి
ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఈ సెక్షన్లో చదవడమే కానీ రాసింది తక్కువ. ఇప్పుడు రాయక తప్పట్లేదు.

నేను వైజాగ్‌లో, ఇంట్లోనే గ్రీటింగ్ కార్డులు చేసి తెలిసినవాళ్ళకి అమ్ముతాను. ఉగాదికి ఒకావిడ నలభై కార్డులు చేయించుకున్నారు. కార్డు ముందువైపు సాటిన్ రిబ్బన్ ముడి, ఆ ముడిలోంచి ఏటవాలుగా ఒక స్టిక్ పిన్ను. రెండున్నర అంగుళాల స్టీలు పిన్ను, పైన ఒక ఏటికొప్పాక పూస, దాని కింద గాజుపూస, అడుగున చిన్న ఇత్తడి పూస. చూడ్డానికి చాలా బాగా వచ్చాయి. మా ఆడపడుచు కూడా మెచ్చుకుంది. అది మామూలు విషయం కాదు.

తర్వాత మొదలైంది. అడ్రసు తప్పుపడి ఒక కవరు వెనక్కి వచ్చింది. మా వీధి పోస్ట్‌మ్యాన్ అది ఇస్తూ బొటనవేలు చూపించాడు. కవరు మూలనుంచి పిన్ను మొన బియ్యపుగింజంత బయటికి పొడుచుకొచ్చి ఉంది. "సంచిలో చెయ్యి పెడితే కరిచిందమ్మా" అన్నాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రెండోది ఇంకా ఘోరం. మా పెద్దమ్మ కార్డు అందుకుని మురిసిపోయి గుండెకి హత్తుకుంది. గద్వాల చీర పోగు లేచిపోయింది.

ఇప్పటిదాకా చేసిన ప్రయత్నాలు ఇవీ. మొనకి గమ్ము బొట్టు పెట్టాను, ఎండాక ముత్యంలా ఊడి పడింది. నెయిల్ కట్టర్‌తో మొన కత్తిరించాను, కట్టర్‌కి గాటు పడింది. పైగా కత్తిరించిన చివర ముందుకంటే ఎక్కువ గీరుకుంటోంది! ఇదెలాగో నాకు అర్థం కాలేదు.

ఇంకొకటి. క్విక్ గమ్ముతో అంటించిన గాజుపూసల చుట్టూ తెల్లగా బూజు పట్టినట్టు వచ్చింది. తుడిస్తే పోవట్లేదు. మీరంతా ఎలా చేస్తున్నారు?

పట్టుకుచ్చు
ఆదివారం, రాత్రి 9:40

చెవిదిద్దుల వెనక పెట్టే రబ్బరు బిరడాలు ఉంటాయి కదా, అవి కొని మొనకి తొడిగెయ్యండి. బేగంబజార్‌లో ప్యాకెట్ల లెక్కన దొరుకుతాయి. నేను నాలుగేళ్ళుగా అదే చేస్తున్నా. ఇంత టెన్షన్ అక్కర్లేదు.

కొత్తగావచ్చా
ఆదివారం, రాత్రి 10:05

ఫాలోయింగ్. నాదీ ఇదే బాధ.

ఆకురాయి
సోమవారం, ఉదయం 6:20

అమ్మా గవ్వలసంచీ, కత్తిరించిన చివర ఎందుకు ఎక్కువ గీరుకుంటుందో చెప్తాను. నేను బందరు దగ్గర చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ పనిలో ముప్పై ఏళ్ళు ఉన్నవాణ్ణి. రోజుకి వందల తీగలు తెంపిన చెయ్యి ఇది.

కట్టింగ్ ప్లేయరు తీగని కోయదు, రెండు వైపులనుంచి నొక్కి చీలుస్తుంది. చివరిదాకా నొక్కితే మధ్యలో సన్నటి గట్టు మిగులుతుంది, ఉలి అంచు లాగా. కంటికి కనపడదు, వేలికి తెలుస్తుంది. గుండుసూది మొన ఒకచోట గుచ్చుకుని ఊరుకుంటుంది. ఈ గట్టు అలా కాదు, గీసుకుపోతుంది. మీ పెద్దమ్మగారి చీర పోగు లేపింది కత్తిరించిన పిన్నే అయ్యుంటుంది, చూసుకోండి. ఒకవైపు చదునుగా తెంపే కట్టర్లు కూడా ఉన్నాయి. వాటి చదును వైపు మీ పిన్ను వైపు ఉండాలి, తిరగేసి పట్టుకుంటే గట్టు మీ పిన్ను మీదే మిగులుతుంది.

నెయిల్ కట్టర్ జోలికి పోకండి. బట్టలు కుట్టే సూదులు కూడా అస్సలు తెంపొద్దు. అవి గట్టి స్టీలు, పెళుసు. ముక్క ఎగిరి ఎటు పోతుందో చెప్పలేం. మా షెడ్డులో ఒక కుర్రాడికి కనురెప్ప మీద తగిలింది, కన్నుకి ఏమీ కాలేదు దేవుడి దయవల్ల. ఏ తీగ తెంపినా తెగిపోయే ముక్క వైపు పాలిథిన్ కవరులో పెట్టి, కవరు బయటనుంచి ఆ ముక్కని వేలితో పట్టుకుని తెంపాలి. కళ్ళజోడు ఉండాలి. చత్వారం జోడైనా సరే, ఏదో ఒకటి.

తెంపాక ఆకురాయి పట్టాలి. పద్ధతి ఇది. పిన్నుని ప్లేయరుతో పట్టుకోండి, చివర రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే బయట ఉండాలి. ఎక్కువ ఉంటే ఊగుతుంది, వంకరపోతుంది. సన్న ఆకురాయిని ఏటవాలుగా ఆనించి, ముందుకి మాత్రమే తొయ్యండి. వెనక్కి లాగేటప్పుడు ఎత్తెయ్యండి. రెండు తోపులకి పిన్నుని కొంచెం తిప్పండి. అలా చుట్టూ తిరిగొచ్చేసరికి అంచు పోయి గుమ్మటంలా వస్తుంది. ఆ తర్వాత 400 నంబరు ఎమ్రీ పేపరు (గరుకు కాగితం) మీద, చివర ఇంకా సన్నటి 600 మీద, పెన్సిల్‌తో సున్నాలు చుట్టినట్టు తిప్పండి. ఆఖరికి పాత జీన్స్ గుడ్డ మీద పది సార్లు రుద్దితే చాలు.

అయిందో లేదో వేలితో చూడొద్దు. వేలు చర్మం మొద్దు. పాత షిఫాన్ చున్నీ మీద గీయండి, పోగు పట్టకుండా జారితే అయినట్టు.

గవ్వలసంచి
సోమవారం, ఉదయం 8:55

బాబాయిగారూ, మీరు చెప్పింది నిజం. ఇంట్లో మిగిలిన పిన్నులన్నీ చున్నీ మీద గీసి చూశా. మొన ఉన్నవి దిగబడ్డాయి కానీ చీల్చలేదు. కత్తిరించినవి మాత్రం పోగుల్ని లాక్కుంటూ పోయాయి. నేను బాగుచేశాననుకున్నవే పాడుచేశాయన్నమాట.

కానీ నలభై పిన్నులకి ఇంత ఆకురాయి పనంటే... ఇంకో దారి లేదా?

ఆకురాయి
సోమవారం, ఉదయం 11:10

ఉంది. అసలు మొన ఉన్న పిన్ను ఎందుకు కొంటున్నారు?

బుట్టల్లాంటి కమ్మలకి కింద పూసలు వేలాడదీయడానికి హెడ్ పిన్ను అని వాడతారు. ఒక చివర మేకు తలలా చదునుగా ఉంటుంది, రెండో చివర ఉత్త తీగ. కమ్మల సామాను అమ్మే షాపుల్లో అడగండి. రెండు అంగుళాలవి ఎక్కడైనా ఉంటాయి, మూడు అంగుళాలవి అడిగితే తెప్పిస్తారు. 20 గేజ్ తీసుకోండి, అంటే 0.8 మిల్లీమీటరు మందం. 24 గేజ్ సగం మిల్లీమీటరే, కార్డు మీద వంగిపోతుంది. గేజ్ నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది, అది గుర్తుంచుకోండి, చాలామంది తిరగేసి కొంటారు.

తల పైకి వచ్చేలా పట్టుకుని కింది చివరనుంచి పూసలు ఎక్కించండి. పూసలు జారకుండా ఆఖర్న ఒక క్రింప్ పూస (నొక్కితే తీగని పట్టేసే మెత్తటి లోహపు పూస) వేసి ప్లేయరుతో నొక్కెయ్యండి. గమ్ము లేకపోయినా నిలుస్తుంది. కింది చివరకి మొన లేదు కాబట్టి ఎమ్రీ పేపరు మీద నాలుగు తిప్పులు చాలు. రిబ్బన్లోంచి ఎలా దూరుతుందంటారా, ముందు దబ్బనంతో దారి చేసి తర్వాత పిన్ను దూర్చండి.

పట్టుకుచ్చు
సోమవారం, మధ్యాహ్నం 1:30

ఆకురాయిగారూ, మీ అనుభవం ముందు నేనెంత. కానీ మొన లేకపోతే అది స్టిక్ పిన్ను ఎలా అవుతుందండీ? పూసలు గుచ్చిన పుల్ల అవుతుంది.

నా కార్డులు కొనేవాళ్ళు కార్డు చదివి, పిన్ను ఊడదీసి పైట మీదో, జాకెట్ మీదో పెట్టుకుంటారు. అందుకే కొంటారు కూడా. కార్డు బీరువాలోకి పోతుంది, పిన్ను పెళ్ళిళ్ళకి తిరుగుతుంది. కిందటి మాఘంలో ఒక పెళ్ళిలో నేను చేసిన పిన్ను పెట్టుకున్న ఆవిడ ఎదురైంది. ఆవిడెవరో నాకు తెలీదు! అంత సంతోషాన్ని సానపట్టి మొద్దు చేసుకోమంటే నేను చెయ్యను. మొన ఉండాలి, దానికి తొడుగు ఉండాలి.

బుజ్జాయిఅమ్మ
సోమవారం, మధ్యాహ్నం 2:15

పట్టుకుచ్చు అక్కా, కోప్పడకు, నా మాట విను.

మా బాబుకి పద్నాలుగు నెలలు. వాడి అన్నప్రాశనకి వచ్చిన కార్డు ఒకటి టీపాయ్ మీద పెట్టా. పిన్ను ఉంది, దానికి నువ్వు చెప్పిన రబ్బరు బిరడా కూడా ఉంది. నేను పాలు దించి వచ్చేలోపు వాడి నోట్లో ఆ బిరడా ఉంది, చేతిలో పిన్ను ఉంది. వేలు పెట్టి బిరడా తీసేశా, ఏం కాలేదు. ఆ రోజు రాత్రంతా నిద్రపట్టలేదు.

తొడుగు ఉంటే సేఫ్ అనుకుంటాం. పసిపిల్లలు ఉన్న ఇంట్లో తొడుగే మొదటి ప్రమాదం. చిన్నది, మెత్తగా ఉంటుంది, చూడ్డానికి చాక్లెట్ ముక్కలా ఉంటుంది. మూడేళ్ళ లోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించడానికి ఒక గొట్టం వాడతారు, దాని వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా పట్టే వస్తువు గొంతుకి అడ్డం పడగలదని లెక్క. మనం కార్డుల మీద పెట్టే పూసలు, బిరడాలు, పూలు అన్నీ అందులో పట్టేవే.

పట్టుకుచ్చు
సోమవారం, మధ్యాహ్నం 2:50

అయ్యో తల్లీ. బారసాల, అన్నప్రాశన, మొదటి పుట్టినరోజు కార్డులకి నేనూ పిన్ను పెట్టను. అది ముందే చెప్పాల్సింది. కానీ పెళ్ళి కార్డు వెళ్ళిన ఇంట్లో పసివాళ్ళు ఉండరని గ్యారంటీ లేదు కదా, ఆ మాట నిజమే. ఆలోచించాలి.

రాత్రిడ్యూటీ
సోమవారం, రాత్రి 11:45

నేను స్టాఫ్ నర్సుని. ఈ టాపిక్ చూసి ఆగిపోయా.

పిల్లలు పిన్ను మింగారని అనుమానం వచ్చినా సరే, వాంతి చేయించొద్దు. "అరటిపండు పెట్టండి, అన్నం ముద్దలు మింగించండి, దానితోపాటు దిగిపోతుంది" అని ఇళ్ళలో పెద్దవాళ్ళు చెప్తారు. ఆ పని చేయొద్దు. ఏమీ పెట్టకుండా, తాగించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. లోహం కాబట్టి ఎక్స్‌రేలో కనపడుతుంది. అలాంటిదే ఇంకో పిన్ను ఉంటే వెంట తీసుకెళ్ళండి, డాక్టరుకి పొడవు, మొన చూస్తే పని సులువవుతుంది. ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చెయ్యండి, ఆటో కోసం వెతకొద్దు.

తుప్పు పిన్ను గుచ్చుకుంటే సబ్బుతో బాగా కడగండి. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే ఆ రోజే డాక్టరుని అడగండి. పోస్ట్‌మ్యాన్‌గారికి కూడా ఈ మాట చెప్పండి గవ్వలసంచిగారూ, ఆయన బొటనవేలు సంగతి ఎవరూ మళ్ళీ ఎత్తలేదు.

క్విక్ గమ్ము వేళ్ళకి అంటుకుంటే లాగకండి. గోరువెచ్చటి సబ్బు నీళ్ళలో ఉంచి మెల్లగా దొర్లించినట్టు విడదీయాలి. కంట్లో పడితే నీళ్ళతో కడుగుతూనే ఉండాలి, కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

గవ్వలసంచి
మంగళవారం, ఉదయం 7:30

సిస్టర్, నిజంగా సిగ్గేసింది. పొద్దున్నే పోస్ట్‌మ్యాన్‌ని ఆపి అడిగా. ఇంజెక్షన్ కిందటేడే వేయించుకున్నాడట. "మీ కార్డు కంటే కుక్కలతో ఎక్కువ ఇబ్బందమ్మా" అని నవ్వాడు.

గోదారిగట్టు
మంగళవారం, ఉదయం 10:20

గమ్ము సంగతి నేను చెప్తా. రాజమండ్రిలో ఉంటాను, గాజుపూసలతో పదేళ్ళ సహవాసం.

మీకొచ్చిన ఆ తెల్లది బూజు కాదు. క్విక్ గమ్ము ఆరేటప్పుడు ఆవిరి పైకి లేస్తుంది. గాల్లో తేమతో కలిసి అది గట్టిపడి పక్కనున్న పూసల మీద పొడిలా దిగుతుంది. గమ్ము ఎక్కువ వేసి, డబ్బాలో మూతపెట్టి ఆరబెడితే ఇంకా ఎక్కువ వస్తుంది. మీ వైజాగ్ ఉక్కపోత గురించి చెప్పక్కర్లేదు. తప్పక వాడాల్సి వస్తే గుండుసూది మొనతో అద్ది, ఫ్యాను గాలి తగిలేచోట పెట్టండి.

అంతకంటే ముఖ్యం, ఆ గమ్ము కారిందని దూదితోనో నూలుగుడ్డతోనో తుడవకండి. నూలు తగిలితే అది ఒక్కసారిగా వేడెక్కుతుంది, పొగ వస్తుంది, చర్మం కాలుతుంది. నూలు గ్లౌజులు వేసుకుని ఆ గమ్ము ముట్టుకోవడం అంటే కోరి కాల్చుకోవడమే. నాకు తెలియక ఒకసారి పాత పంచె ముక్కతో అద్దాను. చూపుడువేలి మీద మచ్చ ఇప్పటికీ ఉంది.

గాజు, లోహం రెండూ పట్టాలంటే రెండు ట్యూబుల ఎపాక్సీ మంచిది, అరాల్డైట్ లాంటిది. తెల్ల ఫెవికాల్ కాగితానికి, కర్రకి రాజు. గాజుకీ లోహానికీ పట్టదు, గోరుతో గీకితే పొరలా లేస్తుంది. ఎపాక్సీ పాత టైల్ ముక్క మీద రెండూ సమానంగా పిండి, పుల్లతో రెండు నిమిషాలు కలపండి. సరిగ్గా కలవకపోతే ఎన్ని రోజులైనా జిగురుగానే ఉంటుంది. చేతికి అంటనివ్వకండి, కొంతమందికి దద్దుర్లు వస్తాయి, రబ్బరు గ్లౌజు వేసుకోండి. పిన్నులు థర్మోకోల్ ముక్కలో నిలువుగా గుచ్చి, ఒక పూటా ఒక రాత్రీ వదిలెయ్యండి. పైకి గంటలోనే ఆరినట్టు కనపడుతుంది, నమ్మొద్దు.

మొనకి గమ్ము బొట్టు ఊడిపోయిందన్నారు. ఊడదా మరి? నున్నటి స్టీలు, పైగా నూనె పూత. ముందు స్పిరిట్‌తో తుడిచి, మొనని ఎమ్రీ పేపరుతో గరుకు చేసి, అప్పుడు ఎపాక్సీ బొట్టు పెట్టండి. బొట్టు కిందికి వేలాడేలా మొన కిందికి పెట్టి ఆరబెడితే గుండ్రంగా వస్తుంది.

వరాహతీరం
మంగళవారం, మధ్యాహ్నం 12:40

గోదారిగట్టుగారూ, ఒక్క నిమిషం ఆగండి! స్పిరిట్ అన్నారు. ఆవిడ పిన్ను మీద ఏటికొప్పాక పూస ఉంది.

మాది ఏటికొప్పాక పక్కూరు. ఆ పూస అంకుడు కర్ర, దాని మీద మెరుపు లక్క. తరిణి (లేతు) మీద కర్ర గిర్రున తిరుగుతుంటే లక్క కడ్డీ ఆనిస్తారు, రాపిడికి పుట్టే వేడికే లక్క కరిగి కర్రకి పడుతుంది. తర్వాత మొగలి ఆకుతో అద్ది మెరుపు తెప్పిస్తారు. రంగులు గింజలు, వేళ్ళు, ఆకులనుంచి తీస్తారు. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. ఒక్కసారి తుడిస్తే మెరుపు పోయి పాలిపోతుంది. వేడికీ మెత్తబడుతుంది కాబట్టి గ్లూ గన్ కూడా దాని దగ్గరికి తేవద్దు, బొట్టు పడినచోట గుంట పడుతుంది. పిన్నుని స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే పూసలు ఎక్కించాలి. ప్లాస్టిక్ ముత్యాలకి కూడా నెయిల్ పాలిష్ రిమూవర్ తగలనివ్వకండి, పై పూత తొక్కలా లేచి లోపలి తెల్లటి గుండు కనపడుతుంది.

ఇంకో సంగతి, మా పూసలకి బెజ్జం కాస్త పెద్దగా ఉంటుంది. 0.8 మిల్లీమీటర్ల పిన్ను తల అందులోంచి జారి దిగిపోతుంది. పైన ఒక చిన్న ఇత్తడి టోపీ గానీ, గాజుపూస గానీ వేసుకోండి.

గోదారిగట్టు
మంగళవారం, మధ్యాహ్నం 1:05

తప్పు నాదే, వరుస చెప్పలేదు. ముందు తుడవడం, తర్వాత పూస. థాంక్సండీ.

కాగితంపడవ
మంగళవారం, సాయంత్రం 6:50

అందరూ పిన్ను గురించే మాట్లాడుతున్నారు. నా ఉద్దేశంలో గొడవంతా కార్డుది. మొన కవరులోంచి బయటికొచ్చిందంటే పిన్ను జారిందన్నమాట. రిబ్బన్ ముడిలో దూర్చి వదిలేస్తే ఏ పిన్నైనా జారుతుంది. సాటిన్ మరీ నున్నన.

నేను చేసేది చెప్తా, నచ్చితే చూడండి. 300 జీఎస్ఎం మందపాటి కార్డు మీద నేరుగా గుచ్చను. ముందు కార్డు కంటే చిన్నదిగా ఇంకో రంగు అట్ట ముక్క కత్తిరిస్తాను. పిన్ను వాలు ఎటు కావాలో పెన్సిల్ గీత గీసి, ఆ గీత మీద బ్లేడుతో రెండు చిన్న గాట్లు పెడతా, ఒక్కొక్కటి అయిదు మిల్లీమీటర్లు, మధ్య దూరం అంగుళం. పిన్ను మొదటి గాటులోంచి అట్ట వెనక్కి దిగి, రెండో గాటుదాకా వెనకే ఉంటుంది. అలా వెనకున్న పిన్ను మీద కాగితపు టేపు ముక్క అడ్డంగా. రెండో గాటులోంచి మొన బయటికి రాదు, అక్కడే ఆగుతుంది. ఆ గాటు మీద ఒక చిన్న కాగితపు ఆకు అంటిస్తా, చూసేవాళ్ళకి మొన ఆకు వెనక్కి పోయినట్టు కనపడుతుంది. ఈ అట్ట ముక్కని ఫోమ్ టేపుతో (రెండు వైపులా జిగురున్న మెత్తటి మందం టేపు) కార్డుకి అంటిస్తే, మొన రెండు అట్టల మధ్య గూట్లో ఉంటుంది. కార్డు తెరిచినా లోపలివైపు ఏమీ కనపడదు, తగలదు.

మొన దగ్గర ఫోమ్ టేపు ముక్కని అడ్డంగా పెట్టడం మర్చిపోకండి. పిన్ను జారినా మొన ఆ ఫోములో దిగబడుతుంది కానీ కవరు దాకా రాదు.

పిన్ను తీసి పెట్టుకోవాలనుకునేవాళ్ళకి ఇది పనికిరాదు, తెలుసు.

పట్టుకుచ్చు
మంగళవారం, సాయంత్రం 7:15

ఆకు కింద దాచడం బాగుంది. అయితే టేపు బదులు వెనక ఒక చిన్న కాగితపు పట్టీ, బెల్టు లూపులా అంటిస్తే? పిన్ను పైనుంచి లాగితే వస్తుంది, కార్డు ఊపితే రాదు.

కాగితంపడవ
మంగళవారం, సాయంత్రం 7:22

వస్తుందనుకుంటా. లూపు బిగుతుగా ఉండాలి. మీరే చేసి చెప్పండి అక్కా.

న్యూజెర్సీనాగమల్లి
బుధవారం, ఉదయం 5:35

ఇక్కడ అమెరికాలో పోస్టు సంగతి కాస్త వేరు. ఉత్తరం మందం పావు అంగుళం దాటితే మామూలు ఉత్తరం కింద తీసుకోరు, ఎక్కువ రేటు పడుతుంది. దాటకపోయినా లోపల గట్టి వస్తువు ఉండి గతుకులుగా ఉంటే మెషీన్లో పోదు, అదనపు చార్జీ. దానికోసమే సీతాకోకచిలుక బొమ్మ ఉన్న స్టాంపులు అమ్ముతారు. చతురస్రం కవరుకి కూడా అదే చార్జీ అని తెలియక మొదట్లో నా కార్డులు తిరిగొచ్చాయి.

ఇప్పుడు పిన్ను కార్డు ఏదైనా బబుల్ కవరులో పార్సిల్‌గానే పంపుతా. కార్డు మీద ఇంకో గట్టి అట్ట పెట్టి, పిన్ను వచ్చే చోట ఆ అట్టకి కిటికీలా కోస్తా, పూసల మీద బరువు పడకుండా. అత్తగారికి విజయవాడ పంపినప్పుడు కూడా ఇలాగే, పూస ఒక్కటి చెక్కుచెదరలేదు.

గవ్వలసంచి
బుధవారం, ఉదయం 9:00

నాగమల్లిగారూ, ఆ కిటికీ అట్ట నాకు నచ్చింది. మన దగ్గర కూడా కౌంటరులో ఇచ్చి, చేత్తోనే ముద్ర వెయ్యమని అడుగుతా. పిన్ను మీద ముద్ర దిగితే పూస పగలడం ఖాయం.

కొత్తగావచ్చా
బుధవారం, మధ్యాహ్నం 3:10

సిల్లీ డౌటు. మామూలు గుండుసూదులే వాడితే ఏమవుతుంది? ఇంట్లో డబ్బా నిండా ఉన్నాయి.

గోదారిగట్టు
బుధవారం, మధ్యాహ్నం 3:45

సిల్లీ కాదు. తుప్పు పడుతుంది. మా అమ్మ ట్రంకుపెట్టెలో నేను ఎనిమిదో తరగతిలో చేసిన సంక్రాంతి కార్డు ఉంది. పిన్ను తీస్తే కాగితం మీద గోధుమరంగు గీత, పిన్ను ఉన్న ఆకారంలో. రబ్బరుతో చెరిపినా పోలేదు.

అయస్కాంతం పెట్టి చూడండి. అతుక్కోకపోతే ఇత్తడో స్టెయిన్‌లెస్సో అయ్యుంటుంది. అతుక్కుంటే చాలావరకు ఇనుము మీద పూత. ఆకురాయి పట్టినచోట ఆ పూత పోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. కాబట్టి సానపట్టిన చివరకి రంగులేని నెయిల్ పాలిష్ రెండు పూతలు వెయ్యండి, మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది. ఇత్తడికి తుప్పు రాదు కానీ నల్లబడుతుంది, దానికీ ఇదే మందు. లక్క పూసకి మాత్రం తగలకూడదు, ఎందుకో పైన వరాహతీరంగారు చెప్పారు.

ఆకురాయి
బుధవారం, రాత్రి 8:30

పట్టుకుచ్చు గారి మాట రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. పెట్టుకునే పిన్నుకి మొన ఉండాల్సిందే, ఒప్పుకుంటున్నా. అయితే దిద్దు రబ్బరు వదులుగా ఉంటుంది, ఎండకి గట్టిపడి చీలుతుంది కూడా. దాని బదులు పాత టెలిఫోను వైరు ముక్క తీసుకోండి. లోపలి రాగి తీగ సుమారు అర మిల్లీమీటరు ఉంటుంది. తీగ లాగేస్తే మిగిలే ప్లాస్టిక్ తొడుగు పిన్నుకి బిగుతుగా పడుతుంది. మొన కంటే ఒక అంగుళం పొడుగ్గా ఉంచి, కింది చివర కొవ్వొత్తి సెగకి దూరంగా చూపించి ప్లేయరుతో నొక్కితే మూసుకుపోతుంది. కిటికీ తెరిచి చెయ్యండి, ఆ పొగ మంచిది కాదు. రంగురంగుల వైర్లు ఉంటాయి, రిబ్బన్‌కి మ్యాచింగ్ కూడా.

పసిపిల్లల ఇంటికి మాత్రం ఏ పిన్నూ వద్దు, మొన ఉన్నా లేకపోయినా.

పట్టుకుచ్చు
బుధవారం, రాత్రి 9:10

మ్యాచింగ్ అన్నారు చూడండి, అక్కడ పడిపోయా నేను. పాత ఫోను వైరు మా అటకమీద ఉండాలి.

గవ్వలసంచి
శనివారం, రాత్రి 10:25

మూడు రోజులు కూర్చుని చేసి వచ్చా, లెక్క చెప్తా.

హెడ్ పిన్నులు పూర్ణామార్కెట్ దగ్గర ఒక కమ్మల సామాను షాపులో దొరికాయి. మూడంగుళాలవి లేవు, రెండంగుళాలవే. పన్నెండు చేశా. చివర అయిదారు మిల్లీమీటర్లు తెంపి, సానపట్టి, చున్నీ పరీక్ష పెట్టేసరికి మొదటి నాలుగింటికి గంట పట్టింది. చివరి నాలుగు పావుగంటలో అయ్యాయి. చెయ్యి అలవాటు పడ్డాక తెలుస్తుంది బాబాయిగారూ, గరగరమనే శబ్దం మారి మెత్తగా జారుతున్నట్టు వినపడుతుంది, అప్పుడు ఆపొచ్చు. రెండు పిన్నులు వంగాయి, ప్లేయరుకి దూరంగా పట్టుకున్నందుకే. క్రింప్ పూస మొదట్లో మరీ గట్టిగా నొక్కి ఒకటి చితక్కొట్టా.

మొన ఉన్నవి ఆరు చేశా, వైరు తొడుగుతో. వాటికి కవరు లోపల చిన్న చీటీ పెడుతున్నా: "పిన్నుకి మొన ఉంది, పిల్లలకి అందనివ్వకండి." అడిగి తీసుకున్నవాళ్ళకే ఇస్తా.

కాగితంపడవగారి రెండు గాట్ల పద్ధతే ఖాయం చేశాను, ఒక్క మార్పుతో. నా రిబ్బన్ ముడి బరువుకి అట్ట ముక్క ముందుకి వంగుతోంది, అందుకని ఫోమ్ టేపు రెండు వరసలు. కవరులో పెట్టి, పోస్టు సంచి అనుకుని మా వాడి స్కూలు బ్యాగులో వేసి, వాణ్ణి ట్యూషన్‌కి పంపా. తిరిగొచ్చాక చూస్తే మొన గూట్లోనే ఉంది. పూస ఒకటి మాత్రం టిఫిన్ బాక్సు కింద పడి పగిలింది. ఆ కవరుకి కిటికీ అట్ట పెట్టలేదు.

ఒక్కటే మిగిలింది. తెంపిన ముక్కలు ఎక్కడ పారేస్తారు? నేను ఖాళీ మందుసీసాలో వేసి మూత బిగిస్తున్నా. పన్నెండు తెంపితే సీసాలో పదకొండే ఉన్నాయి. అయస్కాంతానికి కవరు చుట్టి చాపంతా తిప్పాను, దొరకలేదు.

గోదారిగట్టు
శనివారం, రాత్రి 10:50

హెడ్ పిన్నులు ఇత్తడివా?

గవ్వలసంచి
శనివారం, రాత్రి 10:52

అవును... అయ్యో. ఇత్తడికి అయస్కాంతం ఏం చేస్తుంది!

గోదారిగట్టు
శనివారం, రాత్రి 10:55

లైటు తీసేసి, సెల్లు టార్చి నేలకి ఆనించి అడ్డంగా వెయ్యండి. నీడ పడుతుంది. తర్వాత వెడల్పు ప్యాకింగ్ టేపు జిగురు వైపు కిందికి పెట్టి అద్దుకుంటూ రండి. చెప్పుల్లేకుండా మాత్రం తిరగొద్దు.

గవ్వలసంచి
ఆదివారం, ఉదయం 6:40

దొరికింది. మా ఆయన హవాయి చెప్పు మడమలో, రబ్బరులోకి సగం దిగబడి ఉంది. ఆయనకి ఇంకా చెప్పలేదు.